దవాఖానలో మన వయసు వాళ్లకు చోటు ఎలా అడగాలి

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట... ఈ జిల్లాల్లో ఏదో ఒక ఊళ్లోనో తండాలోనో ఉండి, ఇంటరో డిగ్రీయో చదువుతూ, మా దగ్గర పదహారేళ్లకే పెండ్లిళ్లు చేస్తున్నారు, ముట్టు గురించి నోరెత్తితే కసురుకుంటున్నారు, దవాఖానకు పోతే అందరి ముందూ పరువు తీస్తున్నారు, దీని సంగతి ఎవరైనా చూడాలి కదా అని అనుకుంటూ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక వాట్సాప్ స్టేటస్ పెట్టి ఊరుకుంటున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. మీరు కొత్తగా ఏదీ కనిపెట్టి అడగక్కర్లేదు. మన వయసు వాళ్ల శరీరం, పెండ్లి, గర్భం, సుఖవ్యాధుల గురించి సర్కారు ఏం చేయాలో చాలావరకు కాగితాల మీద ఎప్పుడో రాసి పెట్టారు. 1994లో కైరోలో జరిగిన జనాభా సదస్సులో మన దేశం కూడా కూర్చుని ఒప్పుకొని వచ్చింది. అడిగేవాళ్లు లేక అది రిజిస్టర్ల దగ్గరే ఆగిపోయింది. కాబట్టి మీ పని రెండే: ఉన్నదాన్ని పట్టుకొని అడగడం, ఇకముందు దాని గురించి మాట్లాడుకునే చోట మీకూ ఒక కుర్చీ వేయించుకోవడం. ఈ రెండోది చాలామంది మర్చిపోతారు.

మొదలు: ఒక్క విషయమే పట్టుకోండి

యూత్ సంఘం అనగానే మనవాళ్లకు ఫ్లెక్సీ గుర్తొస్తుంది. ఫ్లెక్సీ కట్టి, ర్యాలీ తీసి, ఎమ్మెల్యే చేత రిబ్బన్ కట్ చేయించి, ఫొటో పేపర్లో రాగానే పని అయిపోతుంది. అలా కాకుండా ఒక్క చిన్న విషయం పట్టుకోండి, అది తేలేదాకా వదలకండి. ఉదాహరణకు మీ మండల ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అంటే పీహెచ్‌సీలో పదహారేళ్ల పిల్ల ఒంటరిగా వచ్చినా చాటుగా మాట్లాడే వీలు ఉండాలనడం ఒకటి. బడిలో ఆడపిల్లల బాత్రూంకు గొళ్లెం, నీళ్లు, వాడిన ప్యాడ్ వేయడానికి మూత ఉన్న బుట్ట ఉండాలనడం ఇంకొకటి. సోమవారం ఇవ్వాల్సిన నీలం రంగు ఐరన్ మాత్ర నిజంగా సోమవారమే ఇస్తున్నారా, లేక నెలకోసారి గుప్పెడు చేతిలో పెడుతున్నారా అన్నది మరొకటి. నిరోధ్ (కండోమ్) ప్యాకెట్లు ఎవరినీ అడగకుండా తీసుకునేలా ఒక డబ్బా గోడకు పెట్టించడం కూడా ఒక విషయమే, నవ్వకండి.

ఎంచుకునే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. దీని మీద సంతకం పెట్టాల్సిన ఆఫీసర్ ఎవరో మనకు తెలుసా? మూడు నెలల్లో అవునో కాదో తేలుతుందా? రెండింటికీ అవును అనిపిస్తే అదే పట్టుకోండి. "బాల్యవివాహాలు లేని జిల్లా" లాంటిది పట్టుకుంటే మీ జుట్టు నెరిసినా తేలదు.

నేను మొదటిదాన్ని, అంటే పీహెచ్‌సీ విషయాన్నే తీసుకొని చెప్తాను, మిగతావి కూడా దాదాపు ఇదే దారి.

కాగితం మీద ఏముందో తెలుసుకోండి

రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం అని ఒకటుంది. 2014 జనవరి 7న కేంద్రం మొదలుపెట్టింది. 10 నుంచి 19 ఏళ్ల వాళ్లందరి కోసం, మగపిల్లలు, ఆడపిల్లలు, చదివేవాళ్లు, మానేసినవాళ్లు, పెండ్లయినవాళ్లు, కానివాళ్లు, అందరూ అందులో ఉన్నారు. పోషకాహారం, లైంగిక ఆరోగ్యం, మనసు బాగోగులు, హింస, మత్తు, బీపీ షుగర్ లాంటి జబ్బులు, ఈ ఆరూ దాని కింద వస్తాయి. పీహెచ్‌సీలో వారానికో రోజు ఈ వయసు వాళ్ల కోసం ప్రత్యేకంగా క్లినిక్ నడపాలి, పెద్ద దవాఖానల్లో రోజూ ఉండాలి, అక్కడ కౌన్సెలర్ కూడా ఉండాలి. ఆశా పరిధిలో ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలను తోటి పిల్లలకు చెప్పేవాళ్లుగా తయారుచేయాలి. మూడు నెలలకోసారి ఊళ్లో కౌమార ఆరోగ్య దినం జరపాలి. ఇదంతా ఆ కార్యక్రమంలో రాసి ఉన్నదే.

బడి వైపు చూస్తే, 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద స్కూల్ హెల్త్ కార్యక్రమం వచ్చింది. ప్రతి సర్కారు బడిలో ఇద్దరు టీచర్లకు శిక్షణ ఇచ్చి 11 అంశాలు చెప్పించాలి, పునరుత్పత్తి ఆరోగ్యం, హెచ్‌ఐవీ నివారణ వాటిలో ఒకటి. హెడ్మాస్టర్ సార్‌ను "మన బడిలో ఆ ఇద్దరు టీచర్లు ఎవరు సార్" అని మర్యాదగా అడిగి చూడండి. జవాబు వచ్చినా, రాకపోయినా మీకు ఒక విషయం తెలిసినట్టే.

చట్టాలు కొంచెం తెలిసి ఉండాలి, వాదించడానికి కాదు, ఎవరైనా తప్పు చెప్తే గుర్తుపట్టడానికి. 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం పెండ్లికి అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. చిన్నప్పుడు పెండ్లి చేసేసినవాళ్లు ఆ పెండ్లిని రద్దు చేయమని కోర్టుకు పోవచ్చు, మేజర్ అయ్యాక రెండేళ్ల దాకా గడువు ఉంటుంది. ఇది మన దగ్గర నూటికి తొంభైమందికి తెలియదని నా అనుమానం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెండ్లి అయిపోయింది. సర్కారు ఇచ్చే పెండ్లి సాయం కళ్యాణలక్ష్మికి 18 నిండిన రుజువు అడుగుతారు కాబట్టి ఇప్పుడు పెండ్లిళ్లు ఆగాయని కొందరంటారు, కొన్ని నిజంగానే ఆగాయి, కానీ పెండ్లి ముందే చేసేసి కాగితాలు తర్వాత పెట్టేవాళ్లను కూడా మీరు చూసే ఉంటారు.

గర్భం తీయించుకోవడం మన దేశంలో నేరమని చాలామంది నమ్ముతారు. 1971 నుంచీ చట్టం ఉంది, 2021లో దాన్ని సవరించారు. చట్టం చెప్పిన కారణాలకు లోబడి, 20 వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయం చాలు, 20 నుంచి 24 వారాల మధ్య కొన్ని రకాల వాళ్లకు, మైనర్లు కూడా అందులో ఉన్నారు, ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. 18 నిండితే ఆమె సమ్మతి ఒక్కటే సరిపోతుంది, భర్త సంతకం చట్టంలో ఎక్కడా లేదు. నిండకపోతే గార్డియన్ సంతకం కావాలి. పెండ్లికాని ఆడవాళ్లను వేరుగా చూడకూడదని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మెడికల్ షాపులో మాత్ర కొనుక్కొని ఇంట్లో మింగి, రక్తం ఆగక రాత్రికి రాత్రి ఆటోలో పెద్ద దవాఖానకు పరిగెత్తే పిల్లలు మన దగ్గర ఇంకా ఉన్నారంటే, చట్టం ఊరిదాకా రాలేదన్నమాట.

పోయి చూడండి, కానీ ఊరికే చూడకండి

ఒక పొద్దున ఇద్దరు ముగ్గురు మీ పీహెచ్‌సీకి వెళ్లి ఓపీ కిటికీ దగ్గర బెంచీ మీద కూర్చోండి. చీటీ రాసేవాళ్లు పేరు, వయసు, ఊరు అడుగుతారు, ఆ వెంటనే "ఏమైంది?" అంటారు. జ్వరమొచ్చినోళ్లు గట్టిగానే చెప్తారు. ఇప్పుడు అదే లైన్లో చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నిలబడ్డ పిల్లను చూడండి. తెల్లబట్ట అవుతోందనో, మూడు నెలలుగా ముట్టు రాలేదనో చెప్పాలి, వెనక నిలబడ్డది వాళ్ల బాబాయి వరసాయన. "కడుపునొప్పి" అంటుంది. లోపలికి పోతే నర్సు, "పెండ్లయిందా?" అని మొదటి ప్రశ్న వేస్తుంది, తలుపు బార్లా తీసే ఉంటుంది. కడుపునొప్పి మాత్ర తీసుకొని ఇంటికొస్తుంది. ఆ తర్వాత ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరకు పోతుంది, ఆయన సూది వేస్తాడు.

ఇలాంటప్పుడు నర్సమ్మ మీద కోపం తెచ్చుకోవడం తేలిక. ఆమెకు ఆ పొద్దున టీకాలు, బీపీ రిజిస్టర్, ఆన్‌లైన్ ఎంట్రీలు, గర్భిణుల చెకప్ అన్నీ ఉంటాయి, ఈ వయసు పిల్లలతో ఎలా మాట్లాడాలో ఆమెకు ఎవరూ నేర్పి ఉండకపోవచ్చు. మీరు అడగాల్సింది ఏర్పాటు మారాలని. ఆమెను మార్చమని కాదు.

నోటుబుక్‌లో ఇవి రాసుకోండి: క్లినిక్ రోజు, టైం చెప్పే బోర్డు ఉందా, ఉంటే మనకు కనిపించే చోట తెలుగులో ఉందా, ఆ రోజున గది నిజంగా తెరిచారా, తలుపో పరదానో ఉందా, నిరోధ్, రోజూ వేసుకునే మాల-ఎన్ గర్భనిరోధక మాత్రలు, అత్యవసర గర్భనిరోధక మాత్ర స్టాక్ ఉన్నాయా, వీటి కోసం ఎవరిని అడగాలి, హెచ్‌ఐవీ పరీక్ష ఇక్కడే చేస్తారా, ఎక్కడికైనా పంపుతారా. ఒకే రోజు చూసి తీర్పు చెప్పకండి, క్లినిక్ రోజు ఏదని చెప్పారో అదే రోజు వరసగా నెలంతా వెళ్లండి. ఫొటోలు తీసేటప్పుడు బోర్డు, గది, తాళం మాత్రమే తీయండి. మనిషి ముఖం ఒక్కటి కూడా పడకూడదు.

ఇంకో సంగతి కూడా గమనించండి. నిరోధ్, మాత్రలు ఆశా వర్కర్ దగ్గర దొరుకుతాయని అందరూ చెప్తారు. దొరుకుతాయి. కానీ ఆమె మీ ఊరి మనిషే, మీకు పిన్నో వదినో అవుతుంది, సాయంత్రం మీ అమ్మతో కలిసి సంఘం మీటింగ్‌లో కూర్చుంటుంది. పెండ్లికాని పిల్లగాడు ఆమె ఇంటికి పోయి నిరోధ్ అడుగుతాడా? అందుకే డబ్బా కావాలంటున్నది. దవాఖాన బాత్రూం పక్కన గోడకు కొట్టిన చెక్క డబ్బాకు వరసలుండవు.

ఎవరెవరు ఉండాలి

ఆరేడుగురు చాలు. అందులో సగం అమ్మాయిలు ఉండాలి, కానీ అబ్బాయిలు లేకుండా మాత్రం మొదలుపెట్టకండి, ఎందుకంటే ఇది "ఆడోళ్ల ముచ్చట" అయిపోతే సర్పంచ్ దాన్ని అంగన్‌వాడీ టీచరమ్మకు అప్పజెప్పి చేతులు దులుపుకుంటాడు. పైగా మగపిల్లలకు కూడా అడగాల్సినవి బోలెడున్నాయి. "స్వప్నదోషం", "నరాల బలహీనత" అని గోడల మీద రాసి భయపెట్టి వేలకు వేలు గుంజేవాళ్ల దగ్గరకు పోయేది మగపిల్లలే కదా.

చదువు మానేసిన ఒకరు, పెండ్లయిన ఒక పిల్ల ఉంటే మీ మాటకు బరువొస్తుంది. దేవరకొండ, చందంపేట వైపు తండాలైతే ఆ తండా పిల్లే మాట్లాడాలి, లంబాడీలో. అమ్రాబాద్ వైపు చెంచు పెంటలకు (అడవిలోని చెంచు గూడేలకు) బయటి నుంచి పోయి ఉపన్యాసం ఇవ్వకండి, అక్కడి దవాఖాన కష్టాలే వేరు, ముందు దారి, బండి గురించి మాట్లాడాలి. నారాయణపేట, మక్తల్ వైపు కన్నడం, ఉర్దూ కూడా కావాలి. అక్కడ జోగినీ (దేవత పేరిట ఇచ్చేసిన ఆడవాళ్ల) కుటుంబాల పిల్లలు దవాఖాన రిజిస్టర్లో తండ్రి పేరు దగ్గరే ఆగిపోతారు, 1988లోనే ఆ ఆచారాన్ని నిషేధించారు కానీ ఆ ప్రశ్న మాత్రం కిటికీ దగ్గర ఇంకా అడుగుతూనే ఉన్నారు. అలాంటి పిల్ల మీ గుంపులో ఉంటే ఆమె చెప్పేది ముందు వినండి.

మీటింగ్ ఎప్పుడు పెట్టుకోవాలో కూడా ఆలోచించండి. పత్తి తీసేటప్పుడు పెడితే ఎవరూ రారు. గద్వాల వైపు నడిగడ్డలో సీడు పత్తి క్రాసింగ్ రోజుల్లో, అంటే విత్తనం కోసం పత్తి పూలను చేత్తో కలిపే రోజుల్లో, ఆడపిల్లలు బడికే పోరు, ఇక మీ మీటింగ్‌కు ఏం వస్తారు? పాలమూరు నుంచి ముంబై, పుణె వలసపోయే ఇండ్లలో దసరా, దీపావళి దాటాక పిల్లలు ఊళ్లోనే ఉండరు. పిల్లను ఎవరి దగ్గర వదిలి పోవాలో తెలియక పెండ్లి చేసి పంపేసే ఇండ్లు అవే. బతుకమ్మ తొమ్మిది రోజులు మాత్రం సాయంత్రం పూట ఆడపిల్లలు బయట ఉన్నా ఎవరూ ఏమీ అనరు. ఆట అయిపోయాక పావుగంట కూర్చోవడానికి అంతకంటే మంచి సమయం లేదు, కాకపోతే పాటల్లోకి నినాదాలు దూర్చకండి దయచేసి.

గుట్టు: ఇది తప్పితే అంతా పోతుంది

ఇక్కడ కొంచెం ఆగి చదవండి.

ఈ పని మొదలుపెట్టగానే పిల్లలు మీ దగ్గరకొచ్చి చెప్పుకోవడం మొదలుపెడతారు. వింటారు, జాలేస్తుంది, ఆ కథ కలెక్టర్‌కు చెప్తే పని అవుతుందనిపిస్తుంది. చెప్పకండి. పేరు తీసేసినా, "ఫలానా తండాలో ఇంటర్ ఫస్టియర్ పిల్ల" అంటే ఊళ్లో ఎవరో తెలిసిపోతుంది. మీకు కావాల్సినవి కథలు కాదు, లెక్కలు: ఎన్నిసార్లు తాళం ఉంది, ఎన్ని వారాలు మాత్రలు రాలేదు. అవి ఎవరి పరువూ తీయవు, ఆఫీసర్ కొట్టిపారేయలేడు.

అభిప్రాయాలు కావాలంటే ఒక పెట్టె పెట్టండి. పేరు రాయొద్దని, చేతిరాత గుర్తుపడతారనుకుంటే టిక్కు పెడితే చాలని చెప్పండి. "దవాఖానకు పోవడానికి భయం ఎందుకు?" అని పైన రాసి కింద ఐదారు కారణాలు ఇవ్వండి: ఎవరైనా చూస్తారని, పెండ్లయిందా అని అడుగుతారని, ఆడ డాక్టర్ లేరని, బస్సు లేదని, తిడతారని. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఇలాంటివి అడగొద్దు, స్క్రీన్‌షాట్ తీయడానికి ఒక్క క్షణం చాలు.

ఇంకొకటి, మరీ ముఖ్యమైనది. 18 నిండని పిల్ల మీద ఎవరైనా లైంగిక దాడి చేశారని మీకు తెలిస్తే, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల) చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, దాచిపెట్టడం మేజర్లకు నేరం. 18 లోపు వాళ్లకు ఆ శిక్ష వర్తించదు. అందుకే ఎవరైనా "అన్నా, ఒకటి చెప్తా, ఎవరికీ చెప్పొద్దు" అనగానే "సరే ఒట్టు" అనేయకండి. "నీకు ప్రమాదం ఉన్న విషయమైతే నేను ఒక్కణ్నే మోయలేను, సాయం చేసేవాళ్లకు చెప్పాల్సి వస్తుంది, అప్పుడు కూడా నీకు చెప్పే చేస్తాను" అని ముందే చెప్పండి. పిల్లలకైతే 1098, ఆడవాళ్లకు 181, అర్జెంటైతే 112. జిల్లా కేంద్రాల్లో హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రాలున్నాయి. దాడికి గురైనవాళ్లకు ప్రైవేటు దవాఖానైనా సరే వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి, "ముందు పోలీసులకు చెప్పి రండి" అని వెనక్కి పంపకూడదు.

చట్టంలో ఒక చిక్కు కూడా ఉంది. ఇష్టపడి కలిసిన పదిహేడేళ్ల వాళ్ల విషయం కూడా చట్టం కళ్లలో నేరమే, దాంతో గర్భం వచ్చిన పిల్ల దవాఖానకు రావడానికే భయపడుతుంది. నేను పైన చెప్పిన 2022 తీర్పులోనే, మైనర్ పిల్లా, ఆమె గార్డియన్ కోరితే డాక్టర్ పోలీసులకు చెప్పేటప్పుడు ఆమె పేరు బయటపెట్టక్కర్లేదని ఉంది. మీ పీహెచ్‌సీ డాక్టర్‌కు ఆ సంగతి తెలుసో లేదో నిదానంగా అడిగి తెలుసుకోండి.

తల్లులతో ముందు మాట్లాడండి

దవాఖానకు అర్జీ ఇచ్చే ముందు ఊళ్లో మహిళా సంఘం మీటింగ్‌కు పోండి. సంఘం లెక్కలు రాసే వీవోఏ అక్కను అడిగితే పది నిమిషాలు ఇస్తుంది. అక్కడ లైంగిక హక్కులు అని మొదలుపెడితే పదో నిమిషానికి మిమ్మల్ని బయటికి పంపిస్తారు. రక్తం తక్కువ ఉండటం గురించి మొదలుపెట్టండి, మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది, ప్రతి ఇంట్లో ఒకరికి కళ్లు తిరుగుతుంటాయి. నీలం మాత్ర పిల్లలు ఎందుకు పారేస్తున్నారో చెప్పండి: పరగడుపున వేసుకుంటే వికారం, దొడ్డికి నల్లగా వస్తే భయం. అన్నం తిన్నాక వేసుకోవాలని, నల్లగా రావడం మామూలేనని చెప్తే సగం భయం పోతుంది. అక్కడి నుంచి ముట్టు నొప్పి, తెల్లబట్ట, ముప్పై ఐదేళ్లకే గర్భసంచి తీయించుకోవడం దాకా మాట దానంతట అదే పోతుంది. గర్భసంచి ఆపరేషన్లు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో మరీ ఎక్కువ, ఆ గదిలో కూర్చున్నవాళ్లలోనే ఇద్దరు ముగ్గురు ఉంటారు. "మాకు అప్పుడు చెప్పేవాళ్లు లేకపోయిరి బిడ్డా" అని ఒక పెద్దమ్మ అంటే చాలు, ఇక మీ అర్జీ మీద సంతకాలకు తిరగాల్సిన పని లేదు.

జనఔషధి షాపుల్లో సువిధ ప్యాడ్ ఒక్కోటి రూపాయికే ఇస్తారన్నది కూడా ఆ మీటింగ్‌లోనే చెప్పండి. మీ దగ్గరలో ఆ షాపు ఎక్కడుందో కనుక్కొని వెళ్లండి.

అర్జీ ఇలా రాయండి

ఒక్క పేజీ. పొగడ్తలు, "యువతే దేశ భవిష్యత్తు" లాంటివి వద్దు. ఇదిగో నమూనా:

*మెడికల్ ఆఫీసర్ గారికి, ఫలానా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం.*
*అయ్యా / అమ్మా,*
*10-19 ఏళ్ల వాళ్ల కోసం పీహెచ్‌సీలో వారానికో రోజు ప్రత్యేక క్లినిక్ నడపాలని రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలో ఉంది. ఫలానా తేదీల్లో మేం వచ్చి చూస్తే గది తెరిచి లేదు. దయచేసి ఈ కింది పనులు చేయించగలరు.*
*క్లినిక్ రోజు, సమయం తెలుగులో బోర్డు మీద రాయించాలి. గదికి తలుపు లేదా పరదా ఉండాలి. ఓపీ కిటికీ దగ్గర జబ్బు ఏమిటని గట్టిగా అడగకుండా, వయసు మాత్రం రాసుకొని లోపలికి పంపాలి. నిరోధ్ డబ్బా బాత్రూం పక్కన పెట్టించాలి. ఆస్పత్రి అభివృద్ధి కమిటీ మీటింగ్‌కు మాలో ఒక అమ్మాయిని, ఒక అబ్బాయిని పిలవాలి.*
*ఫలానా తేదీలోపు జవాబు ఇవ్వగలరని మనవి.*

చివరి కోరిక చూడగానే "మీరెందుకు కమిటీలో" అంటారు. అక్కడే గట్టిగా నిలబడాలి. తలుపు, బోర్డు ఇచ్చి కుర్చీ ఇవ్వకపోతే డాక్టర్ బదిలీ అయిన రోజే తలుపుకు మళ్లీ తాళం పడుతుంది. సభ్యత్వం ఇవ్వడం వాళ్ల చేతిలో లేదంటే, మీటింగ్‌కు పిలిచి మాట వినమనండి. ఊళ్లో గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీ కూడా ఉంటుంది, ఆశా, సర్పంచ్ అందులో ఉంటారు, అక్కడ చోటు దొరకడం ఇంకా తేలిక.

రెండు కాపీలు తీసుకెళ్లండి, ఒకటి ఇచ్చి రెండో దాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. "పెట్టిపో, చూస్తాం" అంటే కదలకండి, ముద్ర పడేదాకా నవ్వుతూనే నిలబడండి. ముద్ర లేకపోతే మీరు అసలు రానట్టే లెక్క.

జవాబు రాకపోతే

సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది. ముద్ర వేసిన కాపీ, నెలంతా రాసుకున్న తేదీలు, ఫొటోలు జతచేసి అక్కడ ఇవ్వండి, వాళ్లు ఇచ్చే రసీదు నంబర్ దాచుకోండి. అక్కడ ఎవరూ మిమ్మల్ని పావుగంట మాట్లాడనివ్వరు, వెనక భూమి పట్టాల వాళ్లు, పింఛన్ల వాళ్లు వరసలో ఉంటారు, కాబట్టి రెండు వాక్యాల్లో చెప్పగలగాలి. ఇంట్లో అద్దం ముందు చెప్పి చూసుకోండి.

సమాచార హక్కు దరఖాస్తు కూడా వేయొచ్చు. జిల్లా వైద్య ఆరోగ్య శాఖకు వేస్తే 10 రూపాయల ఫీజు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రశ్నలు "ఎందుకు చేయలేదు" అని వేయకండి, ఎందుకు అన్నదానికి వాళ్లు జవాబు చెప్పక్కర్లేదు. "పోయిన ఆర్థిక సంవత్సరంలో ఫలానా పీహెచ్‌సీలో కౌమార క్లినిక్ జరిగిన తేదీలు, హాజరైన వాళ్ల సంఖ్య, పేర్లు లేకుండా" అని అడగండి. ఐరన్ మాత్రల స్టాక్ రిజిస్టర్ నకలు అడగండి. జవాబు రాకపోతే ఆ ఆఫీసులోనే పై అధికారికి మొదటి అప్పీలు.

గ్రామసభలో కూడా పెట్టించండి. 18 నిండనివాళ్లకు అక్కడ ఓటు లేదు కాబట్టి సంఘం నుంచి ఒక తల్లి చేత చదివించండి, మీరు పక్కన నిలబడండి. తీర్మానం పుస్తకంలో రాశారో లేదో చూశాకే ఇంటికి పోండి, కార్యదర్శి సారుకు మతిమరుపు ఎక్కువ.

గొడవ వస్తే

వస్తుంది. "మా పిల్లలను చెడగొడుతున్నారు" అంటారు, గుంపులోని అమ్మాయిల గురించి ముందు మాట్లాడతారు, అబ్బాయిల గురించి కాదు. అలాంటప్పుడు కుల పెద్దలతో వాదనకు అమ్మాయిలను ముందు పెట్టకండి. తల్లుల సంఘం, ఒక టీచర్, వీలైతే ఏఎన్‌ఎం అక్క పక్కన ఉండాలి. అమ్మాయి ఇంట్లో ఒత్తిడి మొదలైందంటే కొన్నాళ్లు ఆమె బయట కనిపించే పని మానేసి, లెక్కలు రాసే పని తీసుకోవచ్చు. ఎవరికైనా టెన్షన్ భరించలేనంతగా ఉంటే మనసు బాగోలేనప్పుడు మాట్లాడే టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయమనండి, అది ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఈ మధ్యలో ఎక్కడైనా చిన్నపిల్ల పెండ్లి ముచ్చట చెవినపడితే మీరే పందిట్లోకి దూకకండి. 1098కి చెప్పండి, తహసీల్దార్‌కో ఐసీడీఎస్ సూపర్‌వైజర్‌కో చెప్పండి, చెప్పింది ఎవరో బయటపెట్టొద్దని అడగండి. పెండ్లి ఆగాక పది రోజులకు మళ్లీ కనుక్కోండి, ఆపేసి, ఫొటో దిగి, అందరూ వెళ్లిపోయాక చుట్టాల ఊళ్లో గుట్టుగా చేసేయడం కొత్తేం కాదు. ఆ పిల్ల మళ్లీ బడికి పోతోందా, కస్తూర్బా బడిలోనో గురుకులంలోనో సీటు దొరికే వీలుందా అన్నదే అసలు పని.

పని అయ్యాక

బోర్డు పెట్టారు, గది తెరిచారు అనుకోండి. డాక్టర్ గారికి, నర్సమ్మకు పోయి థ్యాంక్స్ చెప్పండి, మనవాళ్లు తిట్టడానికి పోయినంత తొందరగా ఇందుకు పోరు. తర్వాత నెలకోసారి మీలో ఒకరు మామూలు పేషెంట్‌లా వెళ్లి రావాలి. నర్సు ఏం అడిగింది, తలుపు వేసిందా, మాత్ర దొరికిందా, ఒక్క పేజీ రాయాలి. నోటుబుక్, ముద్ర వేసిన కాపీలు, ప్రజావాణి రసీదులు, సమాచార హక్కు జవాబులు అన్నీ ఒకే ఫైల్‌లో ఉండాలి, ఒకరి ఇంట్లో కాకుండా లైబ్రరీలోనో సంఘం బీరువాలోనో. మీరు ఇవాళో రేపో హైదరాబాద్ కోచింగ్‌కు పోతారు, కొందరికి పెండ్లి అవుతుంది, ఇంకొందరు ఉద్యోగంలో చేరతారు. అందుకని ఇప్పుడే తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్లలు ఇద్దరిని వెంట తిప్పుకోండి, రెండో అర్జీ వాళ్ల చేతే రాయించండి, తప్పులుంటే ఉండనివ్వండి, ముద్ర వేయించుకోవడానికి కూడా వాళ్లనే పంపండి.